రెండు అంచులకు ఒక్క పేరు

నాకు జరిగిన అన్యాయాలను ముందుగా తేదీల వారీగా నమోదు చేస్తున్నాను.

జూన్ 9. మా ప్రాంతపు స్త్రీల సాహస రచనలతో సంకలనం తెస్తున్నామని నా దగ్గర ఒక కథ, ఎప్పుడో పత్రికలో అచ్చయిన ఒక ప్రయాణ వ్యాసం అడిగి తీసుకున్న సంపాదకుడు, కథను ఫోన్‌లోనే తిరస్కరించారు. అందులో కథానాయిక కత్తి పట్టలేదు, ఎవరినీ కాపాడలేదు. తాను అనని మాటలు రాసిన కాగితం మీద సంతకం పెట్టనని ఒక ఆఫీసు కుర్చీలో సాయంత్రం దాకా కూర్చుంది, అంతే. "ఇందులో వీరత్వం ఎక్కడున్నదమ్మా?" అని అడిగారు.

జూన్ 17. ప్రయాణ వ్యాసాన్ని మాత్రం తీసుకున్నారు. 'నెక్కొండ నుంచి తిరుగు బస్సు' అన్న నా శీర్షికను, నన్ను అడగకుండా, 'వాగును జయించిన డ్రైవర్' అని మార్చారు.

జూన్ 28. నాకు పంపిన ప్రూఫులో, రచయిత్రి పరిచయం దగ్గర, నేత సంఘంలో ముప్పై ఒక్క ఏళ్లు నేను చేసిన గుమాస్తా ఉద్యోగాన్ని తొలగించి, 'ఫలానా వారి సతీమణి, గృహిణి' అని వేశారు. ఆ ఫలానా వారు కాలం చేసి తొమ్మిదేళ్లయింది.

జూలై 5. హసన్‌పర్తిలో ఒక కాలేజీలో స్త్రీల సాహసం మీద సభ జరిగింది. వేదిక మీద ఆరు కుర్చీలు, అయిదింటిలో మగవాళ్లు. నాకు దీపం వెలిగించే పని అప్పగించారు. శాలువా కప్పారు. మైకు మాత్రం ఇవ్వలేదు.

జూలై 12. ఆ సభలో నన్ను చూసిన ఒక పరిశోధక విద్యార్థిని హనుమకొండలోని మా ఇంటికి వచ్చి, నా రచనల్లో స్త్రీలకు అన్యాయం చేసిన మొదటి మనిషిని నేనేనని నా ముఖం మీదే చెప్పింది.

ఈ అయిదింటిలో చివరిదాన్ని ఆ తరవాత కొట్టేశాను. మా ఆఫీసులో కొట్టివేతకు ఒక పద్ధతి ఉండేది. అడ్డంగా ఒకే ఒక గీత గీయాలి, కింది అక్షరాలు కనబడుతూనే ఉండాలి, పక్కన పొడి సంతకం పెట్టాలి. అట్లాగే కొట్టేశాను. ఎందుకు కొట్టేయవలసి వచ్చిందో చెప్పడమే ఈ రచన పని. పుస్తకం ఆగస్టు ఆఖరుకు అచ్చుకు పోతుంది. ఆ వాగు దగ్గర ఏం జరిగిందన్నది నా పేరు కింద ఎట్లా మిగిలిపోతుందో అప్పటికి తేలిపోతుంది.

ఆ విద్యార్థిని వచ్చిన రోజు ఆదరంగానే కూర్చోబెట్టాను. చాయ్ ఇచ్చాను. ఆమె సంచీలోంచి నా కథల జిరాక్సు ప్రతులు ఒక కట్ట, ప్రయాణ వ్యాసాలవి మరో కట్ట తీసి, బల్ల మీద విడివిడిగా పెట్టింది. ఆ పెట్టే తీరు చూసి మనసులోనే మెచ్చుకున్నాను. మరుక్షణమే ఆ మెప్పును వెనక్కి తీసుకోవలసి వచ్చింది.

"మేడం, ఒకటి అడుగుత, కోపం చెయ్యద్దు. మీ కథలల్ల ఆడోళ్లు ఎవ్వరి మాట వినరు. ఒకామె పంచాయతిల లేచి నిలబడ్తది, ఒకామె సంతకమే పెట్టనంటది. మరి మీ ప్రయాణాలల్ల ఆడోళ్లు ఏం జేస్తరు? కిటికీ పక్కన కూసుంటరు. బస్సు చెడిపోతే మగాయన బాగుజేస్తడు, తొవ్వ తప్పితే మగాయన జూపిస్తడు, వాగొస్తే డ్రైవరు దాటిస్తడు. రాసిన చెయ్యి ఒక్కటే కదా. గిట్లెట్లయింది?"

"జరిగింది రాసిన బిడ్డా. ప్రయాణం కథ కాదు, కల్పించడానికి."

"అంటే నిజంల ఆడోళ్లు కిటికీ కాన్నే కూసున్నరా?"

"కూసున్నరు."

"మీరు సుత?"

"నేను సుత."

"మరి కథలల్ల ఆడోళ్లను ఎవరిని జూసి రాసిన్రు మేడం?"

చాయ్ చల్లారిపోతున్నదని గుర్తుచేశాను. ఆమె వెళ్లిపోయిన వెంటనే నోటుపుస్తకం తెరిచి జూలై 12 నాటి అన్యాయాన్ని ఎర్ర సిరాతో రాశాను.

అయితే కోపం రాసినంత సులభంగా కుతూహలాన్ని రాసి పక్కన పెట్టలేము. మూడు రోజులు ఆ ప్రశ్న నా వెంటే తిరిగింది. నాలుగో రోజు అలమారా పైఅర నుంచి పాత దినచర్య పుస్తకాలు దింపించాను. పెళ్లయిన ఏడాది నుంచి ఒక్క రోజు కూడా వదలకుండా రాసినవి అవి. నెక్కొండ వెళ్లిన వానాకాలపు పుస్తకం దొరికింది. విద్యార్థినికి ఫోన్ చేసి, అచ్చయిన వ్యాసాన్ని, దినచర్యను పక్కపక్కన పెట్టి చదువుదాం రమ్మన్నాను. ఆమె అన్నది తప్పని సాక్ష్యాధారాలతో రుజువు చేయడమే నా ఉద్దేశం.

నెక్కొండ ప్రయాణం నాడు జరిగిన సంగతి క్లుప్తంగా ఇది. సుమారు నలభై ఏళ్ల కింద, మా సంఘం నేసిన జంపఖానాలను నెక్కొండలో ఒక ప్రదర్శనలో పెట్టారు. సంఘం గుమాస్తాగా నేను వెళ్లాను. నేత పని అడిగేవాళ్లకు చెప్పడానికి ఒక నేతగత్తెను వెంట పంపారు. సాయంత్రం తిరుగు బస్సు ఎక్కాం. పగలంతా పడిన వాన వల్ల ఒక వాగు పొంగి, రోడ్డుకు సమంగా వేసిన కల్వర్టు మీదుగా మోకాలి లోతున పారుతోంది. నీళ్లు ఎర్రగా, చిక్కగా ఉన్నాయి. కల్వర్టు అంచు ఎక్కడ ముగుస్తుందో కనబడదు. బస్సు ఆగింది. కాసేపటికి దాటింది.

అచ్చయిన వ్యాసంలో నేను రాసిన వాక్యం: 'డ్రైవర్ గుండె దిటవు చేసుకుని, అంచనా మీదనే బస్సును నడిపి మమ్మల్నందరినీ ఒడ్డుకు చేర్చాడు.'

అదే రోజు దినచర్యలో నేను రాసిన వాక్యం: 'నేతామె చీర కొంగు నడుముకు చుట్టుకుని నీళ్లలో దిగింది. ఆమె రెండు వైపులా అంచులు చూపుతుంటే డ్రైవర్ వెనకనే బస్సును నడిపాడు.'

విద్యార్థిని నా వైపు చూడలేదు, కాగితాల వైపే చూసింది. ఆ మర్యాద నాకు ఇంకా కష్టంగా తోచింది.

"దినచర్యల ఉన్నామె వ్యాసంల లేదు కదా మేడం."

"లేదు."

"ఎందుకు లేదు?"

నాకు తెలిసిన కారణం ఒకటే, అది చెప్పాను. సంఘంలో మగ్గాల రిజిస్టర్ నా చేతిలోనే ఉండేది. వెడల్పాటి జంపఖానా నేసే మగ్గం మీద ఇద్దరు పక్కపక్కనే కూర్చోవాలి. సాధారణంగా భార్యాభర్తలు కూర్చుంటారు. కుడి సగం ఒకరిది, ఎడమ సగం మరొకరిది. పోగు మధ్యలో చేతులు మారుతుంది. రిజిస్టర్‌లో మాత్రం మగ్గానికి ఒక పేరే. అది భర్త పేరు. బస్సుకు కూడా అట్లాగే ఒక పేరు రాసి ఉంటాను. బస్సు డ్రైవర్‌ది.

"పక్కన కూసున్నామె పేరు ఎక్కడ రాసేటోళ్లు?"

"రాయడానికి గడి లేదు."

"గడులు ఎవరు గీసిన్రు మేడం?"

ఏటా ఏప్రిల్ మొదటి వారంలో, కొత్త రిజిస్టర్ రాగానే, స్కేలు పెట్టి నేనే గీసేదాన్ని. ముప్పై ఒక్క సార్లు గీశాను. ఆ మాట గట్టిగానే చెప్పాను. దాచడం నా పద్ధతి కాదు. ఆ పూటే ఎర్ర సిరాతో రాసిన అయిదో అన్యాయం మీద గీత గీశాను.

కానీ సంగతి అక్కడితో ముగియలేదు. దినచర్య వాక్యాన్ని మళ్లీ మళ్లీ చదువుతుంటే అందులోనే ఒక లోపం కనబడింది. కల్వర్టు వెడల్పు బస్సుకంటే ఏ జానెడో ఎక్కువ. రెండు అంచులూ తెలియకపోతే ఏ డ్రైవరూ చక్రం ముందుకు కదిలించడు. ఒక్క మనిషి, పారే నీళ్లలో, రెండు అంచులనూ ఒకేసారి ఎట్లా చూపించింది? ఎడమ అంచున నిలబడితే కుడి అంచు ఎవరు చూపాలి? నా దినచర్య అబద్ధం చెప్పదని నమ్మి బతికినదాన్ని. ఇప్పుడు అదే అసాధ్యమైన విషయాన్ని నా చేతిరాతతో, తేదీ వేసి మరీ చెబుతోంది.

ఆ నేతగత్తె వరంగల్‌లోనే, పాత నేతవాడలో, కూతురి దగ్గర ఉంటున్నదని తెలుసుకుని, ఒక ఉదయం విద్యార్థినిని తోడు తీసుకుని ఆటోలో వెళ్లాను. ఆమె గడప ముందు నులక మంచం మీద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. జుట్టు ముగ్గుబుట్టలా అయింది. నన్ను ఆనవాలు పట్టడానికి కొద్దిసేపు పట్టింది. పట్టిన తరవాత ఆగలేదు.

"ఓసి నీ ఇల్లు బంగారంగాను, రిజిస్టరమ్మవా! ఇన్నేండ్లకు తొవ్వ దొరికిందా? ఏమన్న సంతకం మిగిలిపోయిందా ఏంది?"

"సంతకం కాదు, ఒక మాట అడగడానికి వచ్చిన. నెక్కొండ బస్సు యాదికున్నదా?"

"యాదికి లేకేం. నా జంపఖానా ఖరాబు జేసినవ్ గద!"

నేను ఆశ్చర్యపోయాను. నేనేం ఖరాబు చేశాను? వివరంగా చెప్పమన్నాను. ఆమె చిక్కుడుకాయల చేట పక్కన పెట్టింది.

"బస్సాగింది. డ్రైవరు పాపం మంచోడే, గజగజ వణికిండు. 'అంచు కనవడ్తలేదు, నేను తోలను' అన్నడు. కండక్టరు, 'తెల్లారేదాక గిక్కడ్నే' అన్నడు. మగోళ్లందరు కిటికీలకెళ్లి తలకాయలు బయటవెట్టి తలా ఒక సలహ ఇస్తున్నరు. ఇంటికాడ నాకు పాలు దాగే పిల్ల ఉండె. రొమ్ములు సలుపుతున్నయి. తెల్లారేదాక ఎట్లుంటనే? ప్రదర్శనల అమ్ముడుపోని జంపఖానా నా సంకల ఉండె. దాని పొడుగు, పొద్దున పొయ్యేటప్పుడు చూసిన ఆ కల్వర్టు వెడల్పు సరిగ్గ ఒక్కటే అనిపించింది. మగ్గం మీద కూసునేదాన్ని, నా కంటికి కొలత తెల్వదా? ఒక కొస నేను వట్టిన. ఇంకో కొస వట్టుమని నిన్ను దించిన."

"నన్నా?"

"మరెవ్వర్ని? నేను ఎడమ అంచుకు, నువ్వు కుడి అంచుకు. కాళ్లతోని తడుముకుంట నడిచినం. నడుమ జంపఖాన సాగదీసినట్టు. దాని వెనకనే బస్సు. మగ్గం మీద ఇద్దరం కూసున్నట్టే అనుకో, కాకుంటే నీళ్లల్ల."

విద్యార్థిని రాసుకోవడం ఆపి నా ముఖం చూసింది. నేను కాదన్నాను. దినచర్యలో లేదన్నాను. నేను దిగి ఉంటే రాసి ఉండేదాన్నన్నాను. ముసలామె నవ్వి, కూతురిని పిలిచి, లోపలి నుంచి ఒక పాత జంపఖానా తెప్పించింది. నీలం, తెలుపు చారలు. ఎర్రమట్టి మరక ఇప్పటికీ పోలేదు. మరక పడ్డదని సంఘం తీసుకోకపోవడంతో ఇంట్లోనే పరుచుకున్నారట. ఆమె రెండు కొసలూ నా ఒడిలో వేసింది. ఒక కొసన కుచ్చు ముడులన్నీ వరసగా ఉన్నాయి. రెండో కొసన బెత్తెడు మేర ముడులు తెగి, పడుగు పోగులు బయటికి వచ్చాయి.

"నేసేటోళ్లెవ్వరు జంపఖాన కుచ్చు వట్టి గుంజరు. కుచ్చు గుంజితే ముడి ఊడ్తదని చిన్నపోరికి సుత ఎరుక. బట్ట ముడిచి పిడికిట్ల వట్టాలె. నువ్వు కాయితాలు రాసేదానివి. నీళ్లు మోకాలు దాటంగనే కుచ్చును మణికట్టుకు చుట్టుకున్నవ్. అగో, తెంపినవ్. నలభై ఏండ్ల సంది నిన్ను తిట్టాలని సూస్తున్న, ఆ ఏడే మేం సంఘం ఇడిస్తిమి, దొరకకపోతివి!"

కుచ్చు తెగిన చోట వేలు పెట్టి చూశాను. మణికట్టు మీద ఏదో కోసుకుపోయినట్టు, కాళ్ల మీదుగా చల్లటి నీళ్లు పోయినట్టు ఒక జ్ఞాపకం నాలో మొదటి నుంచీ ఉన్నదే. ఏదో ఊళ్లో బస్సు దిగేటప్పుడు బురదలో జారానని నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. రాతలో లేనిది జరగలేదని నా ఉద్యోగం నాకు నేర్పింది. రాయనిదాన్ని నేను మరిచిపోయాను.

ఎందుకు రాయలేదో ఆటోలో తిరిగి వస్తుంటే తెలిసింది. ఆ రోజుల్లో నా దినచర్యను మామగారు చదివేవారు. చెడ్డవారు కారు. మధ్యాహ్నం పూట కాలక్షేపానికి చదివి, నా దస్తూరీ గుండ్రంగా ఉందని మెచ్చుకునేవారు. ఉద్యోగానికి పంపడమే గొప్పగా భావించే ఇంట్లో, కోడలు అపరిచితుల ముందు చీర ఎత్తి కట్టుకుని వాగులో దిగిందని చదివితే, మర్నాటి నుంచి నేను రిజిస్టర్ ముట్టే అవకాశం ఉండేది కాదు. అందుకని దినచర్యలో నన్ను తీసేశాను. పత్రికకు పంపేటప్పుడు, బయటివాళ్లు చదువుతారని ఆమెను కూడా తీసేశాను. మిగిలింది డ్రైవర్. కథల్లో మాత్రం నన్ను ఎవరూ అడగలేదు. కథ అంటే కల్పన అని ఇంట్లో అందరికీ తెలుసు. అందుకే నీళ్లలో దిగినామెను పంచాయతీలో నిలబెట్టాను, ఆఫీసు కుర్చీలో కూర్చోబెట్టాను. విద్యార్థిని అడిగిన ప్రశ్నకు జవాబు అదే. ఎవరిని చూసి రాశానో నాకిప్పుడు తెలిసింది.

ఒక్కటి మాత్రం ఇప్పటికీ నాకు అంతుచిక్కదు. బయల్దేరే ముందు ముసలామెను అడిగాను, అది వీరత్వం అంటావా అని.

"గదేం వీరత్వమే! పిల్లకు పాలియ్యాలె, ఇంటికి పోవాలె. మరి నువ్వెందుకు దిగినవ్?"

"నువ్వు దించినవ్ కదా."

"నేను దిగుమన్న. దిగింది నీ కాళ్లే కద." అని, "రాస్తే రాయి గని సక్కగ రాయి. నేను ముందు, నువ్వు వెనక నడిచినమని రాయకు. ముందల నడిస్తే బస్సు వాగుల వడుతుండె. పక్కపక్కన నడిచినమని రాయి. డ్రైవరును సుత తియ్యకు. వాడు మన మాట నమ్మిండు. అందరు నమ్మరు" అంది.

నేను చదివిన సాహసగాథలన్నింటిలో ఒకరు ముందు నడుస్తారు, మిగిలినవాళ్లు వెనక నడుస్తారు. నా కథల్లో కూడా ఆ పద్ధతినే పాటించాను. మగవాడి చోట ఆడమనిషిని నిలబెట్టాను, అంతే. గడి మార్చలేదు, గడిలో పేరు మార్చాను. సంతకం పెట్టనని కూర్చున్న నా కథానాయికకు ఎవరో ఒకరు మంచినీళ్లు తెచ్చి ఇచ్చి ఉంటారు కదా, పక్కన కూర్చుని ఉంటారు కదా అన్న ఆలోచన నాకు ఈ డెబ్బై రెండో ఏట వచ్చింది. వీరత్వం ఇద్దరి మధ్య సాగదీసిన బట్టలో ఉంటే, దాన్ని ఎవరి పేరున నమోదు చేయాలి? తెలుసుకోవాలని నాకు బలంగా ఉంది.

ఇంటికి వచ్చి వ్యాసాన్ని తిరగరాశాను. ఇద్దరు ఆడవాళ్లు, ఒక జంపఖానా, నమ్మిన డ్రైవరు. ఏ వాక్యం ఎప్పుడు మార్చానో, ఎందుకు మార్చానో కింద రాసి సంపాదకుడికి పంపాను. వారం తరవాత ఆయన ఫోన్ చేశారు.

"అమ్మా, అచ్చయిందే ప్రామాణికం. నలభై ఏండ్ల తర్వాత మీరు ఇప్పుడు మిమ్మల్నే వాగుల దింపుకుంటే ఎట్లా? పెద్దవారు, స్వోత్కర్ష బాగుండదు."

"నేను ఒక్కదాన్నే దిగలేదు సార్. ఇద్దరం దిగినం."

"ఇద్దరైతే వీరత్వం పలుచబడ్తదమ్మా. చదివేటోళ్లకు ఒక నాయకుడు కావాలె."

"పలుచబడితే ఎంత పలుచబడుతుందో రాసియ్యండి సార్."

"సాక్ష్యం ఏమున్నది?"

"తెగిన కుచ్చు ఉన్నది."

ఆయన నవ్వారు. 'చూద్దామమ్మా' అన్నారు. ఆ 'చూద్దాం' ఏ తేదీకి చూస్తారో చెప్పలేదు.

కాబట్టి, సంపాదకుడు గారికి ఇందుమూలంగా తెలియజేయునది. 'నెక్కొండ నుంచి తిరుగు బస్సు' అన్న నా వ్యాసపు పాత ప్రతిలో రెండు అసత్యాలు ఉన్నాయని, అవి నేను రాసినవేనని ఒప్పుకుంటున్నాను. ఒక స్త్రీని తొలగించిన తప్పు నాది. నన్ను నేను తొలగించుకున్న తప్పు కూడా నాదే. ఆ తప్పును మీ శీర్షికతో శాశ్వతం చేయడానికి మాత్రం నేను అంగీకరించడం లేదు. కనుక మీరు ఈ మూడింటికి సమాధానం ఇవ్వాలి. సవరించిన ప్రతిని, నా శీర్షికతో, పక్కపక్కన నడిచిన ఇద్దరితో, యథాతథంగా వేస్తారా, వేయరా? వేయకపోతే, పాత ప్రతిని కూడా నా పేరు మీద వేయబోమని హామీ ఇస్తారా? ఇద్దరు కలిసి చేసిన పనిలో వీరత్వం పలుచబడుతుందన్న మీ అభిప్రాయానికి ఆధారం ఏమిటి? మొదటి రెండూ నా హక్కుకు సంబంధించినవి. మూడోది నిజంగా తెలుసుకోవాలని అడుగుతున్నాను. మీ దగ్గర ఆధారం ఉంటే శ్రద్ధగా చదువుతాను, అవసరమైతే నా అభిప్రాయాన్ని మార్చుకుంటాను.

ఈ లేఖ నకలును నేతవాడలోని ఆమెకు చదివి వినిపించాను. తన పేరు ఎక్కడ పడుతుందని అడిగింది. నా పేరుకు కింద కాదు, పక్కన, అదే వరసలో పడుతుందని చెప్పాను. మీ ప్రతిలో అట్లాగే గడి గీసి పంపుతున్నాను. ఈ లేఖ అందిన పదిహేను రోజులలోగా, తేదీతో, మీ స్వహస్త సంతకంతో, రాతపూర్వకంగా సమాధానం పంపగలరు. ఫోన్‌లో చెప్పినదాన్ని సమాధానంగా నమోదు చేయలేను.